నాన్న శాంటా అయిన శనివారం

డిసెంబర్ మొదటి వారం రాగానే కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లోని మా ఆఫీసులో పెద్ద స్టీలు పాత్ర నిండా ఆపిల్ సైడర్ వేడి చేసి పెడతారు. దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్క కలిసి మరిగిన ఆ వాసన లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురొస్తుంది. నాతో పనిచేసేవాళ్లకి అది క్రిస్మస్ వాసన. నాకు మాత్రం అది నా ఎనిమిదో ఏట, వర్జీనియాలోని షాంటిలీలో, నాన్న పనిచేసిన ఇన్సూరెన్స్ కంపెనీ లాబీ వాసన.

అప్పట్లో మేముండే అపార్ట్‌మెంట్లు ఎర్ర ఇటుకలతో కట్టిన మూడంతస్తుల మేడలు. గాలి వీచే మెట్ల దారికి అటూ ఇటూ ఇళ్లు, ఏ తలుపు తెరిచినా బయటికి తన్నుకొచ్చే తాలింపు వాసన, గుమ్మాల ముందు తడిసిన బూట్లు, పార్కింగ్ అంచుల్లో కార్ల పొగకి నల్లబడి కరగకుండా మిగిలిన మంచు కుప్పలు. స్కూల్ బస్సు దిగిన కాసేపటికే చీకటి పడిపోయేది. మేం పిల్లలం కోట్లు విప్పకుండానే మెట్ల కింద దాగుడుమూతలు ఆడుతుంటే, ఏ ఆంటీ పిలిస్తే ఆ ఇంట్లోకి దూరి ఏది పెడితే అది తినేవాళ్లం. బడికి సెలవులిచ్చే ముందు అమ్మ కజ్జికాయలు చేసేది. కొబ్బరి, బెల్లం ఉడుకుతుంటే కిటికీ అద్దాలకి ఆవిరి పట్టేది, ఆ ఆవిరి మీద మేం వేళ్లతో పేర్లు రాసుకునేవాళ్లం.

డిసెంబర్‌లోనే ఆ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఇళ్లకి ఏవేవో వచ్చేవి. మూడు రకాల పాప్‌కార్న్ నింపిన రేకు డబ్బా, పల్చటి కాగితంలో ఒక్కొక్కటిగా చుట్టిన బేరిపళ్లు, చలికి వేసుకునే మెత్తటి కోటు, నెలాఖరున జీతంతో వారం రోజుల సెలవు. వచ్చేవి అన్నాను గానీ అందరిళ్లకీ కాదు. నాన్న వెళ్లేదీ అదే బిల్డింగ్‌కి, కూర్చునేదీ అదే ఫ్లోర్‌లో, కానీ ఆయనకి జీతమిచ్చేది వేరే ఊళ్లోని కన్సల్టింగ్ కంపెనీ. సొంత ఉద్యోగులది నీలం బ్యాడ్జి, నాన్నలాంటి కాంట్రాక్టర్లది నారింజ రంగు బ్యాడ్జి. ఎవరిది ఏ కారో తెలిసినంత బాగా ఏ అంకుల్‌ది ఏ రంగో మా పిల్లలందరికీ తెలుసు. మా మెట్ల దారిలో నీలం బ్యాడ్జి ఒక్క సుధ ఆంటీదే.

కరీంనగర్ నుంచి వచ్చిన సుధ ఆంటీ కింది వాటాలో ఉండేది. వాళ్లబ్బాయి రోహన్ ఏటా డిసెంబర్‌లో ఒక శనివారం కంపెనీవాళ్లు పిల్లలకి పెట్టే పార్టీకి వెళ్లేవాడు. అక్కడ శాంటా ఒక్కో పిల్ల పేరూ పిలిచి, ఆ పేరు రాసిన బహుమతి చేతికిస్తాడట. రోహన్ ఆ మాట చెప్పినప్పుడల్లా నేను బొమ్మ సంగతి వదిలేసి, పేరు ఎలా పిలుస్తాడో అడిగేదాన్ని.

ఆ ఏడాది ఎప్పుడూ శాంటా వేషం వేసే పెద్దాయనకి తుంటి ఆపరేషన్ అయింది. బొజ్జ, గట్టిగా నవ్వే గొంతు చూసి మేనేజర్ నాన్నని అడిగాడు. నాన్న అక్కడికక్కడే సరేనని, ఎర్ర కోటూ తెల్ల గడ్డమూ ఉన్న సంచి పట్టుకుని ఇంటికొచ్చాడు.

అమ్మ ఆ సంచి వంక చూసి చేస్తున్న పని ఆపేసింది.

"మన పిల్లని రావద్దన్న పార్టీకి మీరెళ్లి వేషం కడతారా?"

"రావద్దనలేదే. పిలవలేదంతే."

"రెంటికీ తేడా ఏంటో మీరే చెప్పండి."

నాన్న సంచిని బీరువా మీద పెట్టేశాడు. సంగతి తెలిసి సుధ ఆంటీ పైకొచ్చింది. "నేను తీస్కపోతా వదినా. నా బిడ్డె అని చెప్త. ఎవరడుగుతరు?"

"వాళ్ల నాన్న అక్కడే ఉండగా వేరేవాళ్ల బిడ్డనని చెప్పుకోవడం ఎందుకు వదినా?" అంది అమ్మ. సుధ ఆంటీ ముఖం చిన్నబోయింది.

ఆ వారమంతా అమ్మ ముభావంగానే ఉంది. నాన్న మాత్రం రోజూ అద్దం ముందు హో హో హో అంటూ సాధన చేసేవాడు. అది అచ్చం వడియాల మీద వాలిన కాకుల్ని తోలుతున్నట్టుండేది. శుక్రవారం గడ్డం తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "పిల్లని రానీవే. నేనెలా చేశానో చెప్పేవాళ్లు మనింటి నుంచి ఒక్కళ్లయినా ఉండాలి కదా."

అమ్మ పొయ్యి వైపు తిరిగి కూర కలపసాగింది. కానీ మర్నాడు పొద్దున్నే నాకు తలంటి, రెండు జడలేసి, ఆకుపచ్చ పట్టులంగా మీద స్వెట్టర్ తొడిగింది. "అక్కడ నాన్నా అని పిలవకు. మిగతా పిల్లలకి తెలిసిపోతుంది" అని చెప్పి సుధ ఆంటీ చేతికి అప్పగించింది.

లాబీ నిండా మరిగే సైడర్ వాసన, కప్పుని తాకేంత క్రిస్మస్ చెట్టు, దాని పక్కన పెద్ద కుర్చీలో నాన్న. లోపల ఎవరైనా బ్యాడ్జి కనబడేలా పెట్టుకోవాల్సిందేనని సెక్యూరిటీ అతను చెప్పాడట, అందుకని ఎర్ర కోటు తెల్ల బొచ్చు అంచు మీద నారింజ బ్యాడ్జి వేలాడుతోంది. నాకు ముందు కనబడింది అదే. మిగతా పిల్లలెవరూ దాన్ని చూడనే లేదు.

కేరల్ అనే పెద్దావిడ ఒక్కో బహుమతీ అందిస్తుంటే, నాన్న దాని మీది పేరు చదివి పిలిచాడు. నోరు తిరగని పేరు వస్తే, ఆ పిల్లనే అడిగి, సరిగ్గా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పలికి, అప్పుడే బహుమతి ఇచ్చాడు. నాన్న పేరుని ఆ ఫ్లోర్‌లో అందరూ సగానికి విరిచి పిలిచేవారని నాకప్పటికి తెలియదు. పిల్లలు ఆయన కాళ్లని వాటేసుకున్నారు, పెద్దవాళ్లు వచ్చి చేతులు కలిపారు. రోహన్ పేరు కూడా వచ్చింది. బహుమతుల సంచి ఖాళీ అయింది. నేను తివాచీ మీద కూర్చుని స్వెట్టర్ బొత్తాం తిప్పుకుంటూ ఉండిపోయాను.

నేనెవరి పిల్లనో కేరల్‌కి తెలియదు. వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, నువ్వూ వెళ్లి నీకేం కావాలో శాంటాకి చెప్పమంది. వెళ్లాను. గడ్డం జిగురు వాసనలోంచి నాన్న రాసుకునే కొబ్బరినూనె వాసన వచ్చింది. ఏం కావాలని ఇంగ్లీషులో అడిగాడు. బొమ్మరిల్లు అడగాలనుకున్నదాన్ని అంతా మర్చిపోయి, "మా ఇంటికి వస్తావా?" అని నేనూ ఇంగ్లీషులోనే అడిగాను.

నాన్న టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు.

"యెస్ మా. డెఫినెట్‌లీ."

శాంటా నోట ఆ 'మా' విని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న మాత్రం తెల్ల గ్లవ్‌తో కళ్లు తుడుచుకుని, టోపీ వేడికి చెమట పడుతోందన్నాడు.

ఆ వేషంలోనే నన్ను కార్‌లో ఎక్కించుకుని ఇంటికి డ్రైవ్ చేశాడు. సిగ్నళ్ల దగ్గర పక్క కార్లవాళ్లు హారన్ కొడితే చెయ్యి ఊపాడు. మా పార్కింగ్‌లో దిగీ దిగగానే మెట్ల కింద ఆడుకుంటున్న పిల్లలు అరుచుకుంటూ చుట్టుముట్టారు. అందరూ నారింజ బ్యాడ్జీల పిల్లలే. నాన్న దగ్గర ఇవ్వడానికేమీ లేదు. మంచులో అలాగే నిలబడి ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు.

అరుపులకి అమ్మ బయటికొచ్చింది. కాసేపు పైనుంచే చూసింది. లోపలికి వెళ్లి, కజ్జికాయల డబ్బా మొత్తం ఎత్తుకుని కిందికి దిగింది.

"ఆ చలిలో నిలబడి ఏంటండీ? వచ్చి మెట్ల మీద కూర్చోండి" అని, పక్కకి జారిన ఆయన గడ్డాన్ని సరిచేసి, డబ్బా ఒళ్లో పెట్టింది. సుధ ఆంటీ వాళ్లింట్లోని పాప్‌కార్న్ డబ్బా తెచ్చింది. "జరుగు వదినా" అంటూ అమ్మ పక్కనే కూర్చుంది.

సోమవారం కోటు తిరిగిచ్చేశాడు. మరుసటి ఏడాది ఆ పెద్దాయన కోలుకుని వచ్చాడు, నాన్నని మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాతి వేసవిలో కాంట్రాక్టు అయిపోయి, సామాను కట్టుకుని ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వెళ్లిపోయాం.

ఇప్పుడు మా ఆఫీసులో పిల్లల పార్టీలు లేవు. ఉద్యోగులకి డిసెంబర్‌లో మెయిల్‌లో ఒక లింక్ వస్తుంది. దుప్పటో నీళ్ల సీసానో ఏదో ఒకటి ఎంచుకుంటే గుమ్మం ముందు పెట్టె పడుతుంది. నా పక్క సీట్లో కూర్చునే కాంట్రాక్టర్ అమ్మాయికి ఆ లింక్ రాదు. మా వీధిలో గరాజ్ తలుపులు లేస్తాయి, కార్లు లోపలికెళ్తాయి, తలుపులు దిగుతాయి. ఎదురింటి పిల్లల పేర్లు నాకు తెలియవు.

మొన్న ఫోన్‌లో నాన్నని అడిగాను. "అమ్మ అంత బాధపడుతున్నా ఆ వేషానికి ఎందుకు ఒప్పుకున్నావు నాన్నా?"

"అడిగారు కదమ్మా" అన్నాడు. మళ్లీ తనే, "అన్నేళ్లలో అక్కడ పని కాకుండా నన్నింకేదైనా అడగడం అదొక్కసారే" అన్నాడు.