ప్రభువుకు తాజా సమాచారం

మా పెదనాన్న పాస్టరు. ఆయనకున్న అలవాటల్లా ఒక్కటే. ప్రార్థనకు కళ్లు మూసుకోగానే దేవుడికి రాజకీయ వార్తలు చెప్పడం.

"ప్రభువా, నిన్న సభలో మైకు విరగ్గొట్టింది ఎవరో నీకు తెలుసు. పేపర్లో తప్పుగా వేశారు కాబట్టి చెబుతున్నాను..."

మధ్యలో ఆపుదామంటే అది ప్రార్థనాయె. ఒక పెళ్లిలో, "ఈ జంట మన సంకీర్ణ ప్రభుత్వంలా ఆర్నెల్లకే విడిపోకుండా" అని దీవించాడు. ముందు వరసలో మంత్రిగారి బావమరిదికి పొలమారింది. కొత్త ఇంటి ప్రార్థనకు పిలిస్తే, "ఈ వీధి రోడ్డు మీద నడిచొచ్చాను ప్రభువా, నీళ్ల మీద నడవడమే నయం" అన్నాడు. ఆ రోడ్డేసిన కాంట్రాక్టరుదే ఆ ఇల్లు.

పెద్దమ్మ తల పట్టుకునేది.

"దేవుడికి అన్నీ తెలుసు కదండీ! మీరు చెప్పాలా?"

"తెలుసులేవే. మన వాదన కూడా వినాలి కదా!"

ఆయన పోయాక మా సంఘంలో ప్రార్థనలు పొట్టివయ్యాయి. దేవుడికి మాత్రం లోకజ్ఞానం కొంత తగ్గే ఉంటుంది.

ఆయనున్న రోజుల్లో మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. అన్న టైలరు, అధికార పార్టీ. తమ్ముడు మెకానిక్కు, ప్రతిపక్షం. ఎన్నికలప్పుడు మాటామాటా పెరిగి పలకరింపులు మానేశారు. ఇంతలో వాళ్లమ్మ మంచాన పడింది.

"నేను పోయేలోపు వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే చాలు అయ్యగారూ," అని పెదనాన్న చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం కొడుకులిద్దర్నీ పిలిపించాడు. మంచానికి చెరోపక్క నిలబడి చెరో గోడా చూస్తున్నారు. పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. ఆయన వెంట వెళ్లిన నేను గుమ్మం వైపు జరిగాను.

"ప్రభువా, ఈ అన్నగారి నాయకుడు గొప్పవాడు. కట్టిన వంతెన కన్నా కోసిన రిబ్బనే పొడుగు."

తమ్ముడు కిసుక్కుమన్నాడు.

"తమ్ముడి నాయకుడు ఇప్పుడు ఏ పార్టీలో ఉన్నాడో నువ్వే కనుక్కో తండ్రీ. నేను మధ్యాహ్నం నుంచి వార్తలు వినలేదు."

ఈసారి అన్న నవ్వాడు.

"ఆ నాయకుల జెండాలు మోసే ఈ ఇద్దరికీ బుర్ర పెట్టడం ఎలా మర్చిపోయావు ప్రభువా?"

"అయ్యగారూ!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు," అన్నాడు పెదనాన్న, కళ్లు తెరవకుండా.

"ఇదేం ప్రార్థన? చూశావురా, ఎంత మాటన్నారో!"

"నువ్వు ఊరుకోబట్టే అన్నయ్యా! ఆ వంతెన మీద రోజూ నేనే వెళ్తున్నా, నిక్షేపంలా ఉంది. చెప్పు, గట్టిగా చెప్పు!"

పెదనాన్న గొంతు పెంచాడు. వాళ్లిద్దరూ ఒక పక్కకు చేరి ఇంకా పెంచారు. ముసలమ్మ దుప్పటి నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే స్కూటరు మీద సంఘపెద్ద ఇంటికెళ్లి, పాస్టరుని మార్చాల్సిందేనని పట్టుబట్టారు. నేనా కబురు తెచ్చేసరికి పెద్దమ్మ లబలబలాడింది.

"ఇక మూటాముల్లే సర్దుకోవడమే!"

పెదనాన్న నావైపు వంగాడు.

"బండి ఎవడు నడిపాడ్రా?"

"తమ్ముడు."

"వెనక అన్న ఊరికే కూర్చున్నాడా, భుజం పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు పెదనాన్నా."

"ఆమేన్," అన్నాడు. ఆయన చేసినవాటిలో అదే అతి చిన్న ప్రార్థన.