గాజుతొట్టెలో కాలవ గడ్డి

మొన్న ఆదివారం మా ఇంట్లో స్నానాలు ఆగిపోయాయి. కారణం నేనే. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ ముందు వరండాలోకి చేరిపోయాయి. ఒకదాంట్లో చేపలు, ఒకదాంట్లో మొక్కలు, ఇంకోదాంట్లో తొట్టెలోంచి తోడిన పాత నీళ్ళు, పులిహోర కలిపే పెద్ద బేసినులో గులకరాళ్ళు. మా ఆయన భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసి, "ఏటిది, నన్ను కూడా ఆ తొట్టెలోకే దిగి స్నానం సెయ్యమంటావా" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పేపరు తీసుకుని కూర్చున్నారు. చేపల తొట్టె దగ్గర ఉన్నప్పుడు నాకు చెవులు పనిచెయ్యవని ఆయనకి ఎప్పుడో అర్థమైపోయింది.

మన ఈడువాళ్ళు నలుగురు కలిస్తే మోకాళ్ళ గురించి, షుగరు మాత్రల గురించి మాట్లాడుకోవడం రివాజు. నాకూ మోకాళ్ళున్నాయి, అవీ నొప్పెడతాయి. కానీ ఆ రోజు మాత్రం చిన్నప్పుడు తీర్థానికి వెళ్ళే రోజున లేచినట్టు, పాలవాడి కంటే ముందే లేచి కూర్చున్నాను. అనకాపల్లిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ముందురోజే పెట్టెలతో దిగింది మరి. కొత్త లైటు, నీళ్ళలో మొక్కలకి గాలి అందించే చిన్న సిలిండరు, మొక్కల కోసమే తయారుచేసిన నల్లమట్టి గుళికలు, అన్నీ తెచ్చింది. ఈసారి తొట్టెలో మా దగ్గర్లోని చీడికాడ కొండలు కట్టాలని దాని ఆలోచన. వెనక నల్లరాళ్ళు ఒకదానికొకటి ఆనించి, ముందు పచ్చిక పరిచినట్టు పొట్టి గడ్డి నాటి, కొండల మధ్యనుంచి తెల్ల ఇసకతో దారి వెయ్యాలట. కాగితం మీద గీసి చూపించింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

అంతా బాగుంది గానీ, ఆ బొమ్మలో ఒక్కటి లేదు. ఇన్నేళ్ళుగా తొట్టె వెనకంతా ఆక్రమించుకుని, నీటి పైదాకా పెరిగి, చేప తోక తగిలితే చాలు ఊగుతూ ఉండే రిబ్బను గడ్డి. అది ఉంటే పొట్టి గడ్డికి వెలుతురు అందదట, వేళ్ళతో పాకి రాళ్ళ సందుల్లో దూరిపోతుందట. "అది కాలవల్లో మొలిసే గడ్డే కదమ్మా, కావాలంటే మళ్ళీ తెచ్చుకుందాం" అంది. నిజమే కదా అని నేనూ తల ఊపాను. ఊపాను గానీ, దాన్ని వేళ్ళతో సహా పెరికి బకెట్లో వేస్తుంటే చేతులు మొరాయించాయి. అడుగున మట్టి కదిలి, దమ్ము చేసిన మడిలోంచి వచ్చే వాసన గుప్పున వచ్చింది. ఆ వాసనతో పాటు మా నాన్న జ్ఞాపకమూ వచ్చింది.

నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆ రోజుల్లో చోడవరంలో చేపలంటే సంతలో గంపల్లో ఉండేవే గానీ, ముందుగదిలో గాజు వెనక తిరిగేవి మా వీధిలో ఎవరూ ఎరగరు. ఆయన ఒకసారి ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళి, ఎవరో పెద్ద ఆఫీసరుగారి ఇంట్లో మొక్కలతో ఉన్న చేపల తొట్టె చూశారు. బస్సు దిగి ఇంటికి వచ్చినవారు కాళ్ళయినా కడుక్కోకుండా అమ్మ ముగ్గుపిండి డబ్బా అందుకుని, నట్టింట్లో కూర్చుని ఆ తొట్టె బొమ్మ వెయ్యడం మొదలుపెట్టారు. వడ్డించిన అన్నం చల్లారిపోయింది, అమ్మ కోపం మాత్రం చల్లారలేదు. ఆ తరవాత ఇనప చట్రాన్ని బళ్ళు బాగుచేసే కొట్లో అతికించారు, గాజు పలకలు దేవుడి పటాలు కట్టేవాళ్ళ దగ్గర కోయించారు, సందులన్నీ స్వయంగా లప్పం పెట్టి మూశారు. మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు ఒక మూల కారి ముందుగదంతా మడుగయితే, దాన్ని గోనెసంచితో ఒత్తుతూ కూడా నాన్న నవ్వుతూనే ఉన్నారు.

ప్లాస్టిక్ పువ్వులంటే ఆయనకి గిట్టదు. ప్రాణమున్న మొక్క ఉండాలి, అది నీళ్ళ అడుగున పెరగాలి, అదీ ఆయన కోరిక. అలాంటి మొక్కలు అమ్మే దుకాణం ఎక్కడుందో తెలియదు కాబట్టి, ఆదివారాలు నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని వడ్డాది దారిలో ఉన్న కాలవకి తీసుకెళ్ళేవారు. ఆయన పంచె ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగి, కనపడ్డ మొక్కల్లా పెరికి గట్టు మీదకి విసిరితే, నేను తడి గోనెలో చుట్టేదాన్ని. ఆ గోనె ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తుంటే దారిలో జనం "ఏటి గుమస్తాగారూ, కూరొండుకోడానికా" అని అడిగేవారు. నాకు సిగ్గుతో తల వంగిపోయేది, ఆయన మాత్రం సైకిలు ఆపి మరీ వివరించేవారు. విశాఖపట్నం నుంచి గాజు సీసాలో, బస్సులో ఒళ్ళో పెట్టుకుని గప్పీ చేపలు తెచ్చిన రోజున అమ్మ గుమ్మంలోనే షరతు పెట్టింది. "ఇంటికి తెచ్చిన పేనం మన పూచీ. ఒక్కటి సచ్చిపోయినా తొట్టి పెరట్లోకి పోద్ది, నేనందులో బియ్యం పోసుకుంటాను" అంది. అమ్మ మాటంటే మాటే. ఆ క్షణం నుంచి నాన్న గుండె ఆ తొట్టెలోనే ఉండేది.

వచ్చిన చిక్కల్లా మొక్కలతోనే. వట్టి ఇసకలో నాటినవి నాటినట్టే పసుపెక్కిపోయేవి. అలాంటి సమయంలో వడ్డాది దగ్గర మా సొంతూళ్ళో చెరుకు సాగు చేసుకునే చిన్నాన్న, కొత్త బెల్లం దిమ్మ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తొట్టె చుట్టూ తిరిగి, గాజుకి ముక్కు ఆనించి చూసి, "ఒట్టి ఇసకలో ఏటి పండుద్ది అన్నయ్యా, బలం ఎయ్యాలి" అని తేల్చేశాడు. తరవాత వచ్చినప్పుడు సైకిలు వెనక ఒక బస్తా కట్టుకుని వచ్చాడు. పంచదార ఫ్యాక్టరీలో చెరుకురసం వడగట్టాక మిగిలే నల్లటి మడ్డి అది. మా వైపు పొలాల్లో దాన్ని మించిన ఎరువు లేదని అందరి నమ్మకం. ఆఫీసులో ఎంత పెద్ద ఫైలు రాసినా నాన్న కూడా ఆ పొలంలో పెరిగినవారే కాబట్టి, తమ్ముడి మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ అన్నదమ్ములిద్దరూ ఆ రోజు చేసిన సేద్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. అడుగున మడ్డి దట్టంగా పరిచి, పైన ఇసక పోసి, చిన్నాన్న తన మోటు వేళ్ళతో అచ్చం చెరుకు చేలోలా బోదెలు తీశాడు. ఆ బోదెల్లో మొక్కల్ని వరసలుగా నాటుకుంటూ పోయాడు. నాన్న పక్కనుంచి వరస వంకర పోతోందని హెచ్చరిస్తూ ఉన్నారు. నీళ్ళు నింపి, చేపల్ని వదిలి, ఇద్దరూ వెనక్కి జరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, రాబోయే పంట ఎన్ని పుట్లో అంచనా వేస్తున్నట్టే ఉంది. నేను సంతోషం పట్టలేక వీధిలో పిల్లలందరినీ పిలుచుకొచ్చాను.

పంట రాలేదు గానీ బుడగలు వచ్చాయి. మొదట ఒకటీ అరా వస్తుంటే మొక్కలు ఊపిరి తీస్తున్నాయని నాన్న మురిసిపోయారు. ఆ తరవాత ఇసక కుతకుత ఉడికినట్టయింది, నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి, గానుగ ఆడే కాలంలో ఫ్యాక్టరీ వైపునుంచి గాలి వీస్తే వచ్చే పులిసిన వాసన ముందుగదిలోంచి వంటింటిదాకా వచ్చింది. పొలంలో ఎండా గాలీ తగిలి ఎరువయ్యే మడ్డి, నీళ్ళ అడుగున గాలాడక కుళ్ళుతుందని వాళ్ళకేం తెలుసు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. నాన్న ఆఫీసు మానేసి తొట్టె ముందు చతికిలబడిపోయారు. అంత నిస్సహాయంగా ఆయన్ని నేను అంతకు ముందు చూడలేదు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. వస్తూ వస్తూ పెద్ద గిన్నెలు రెండు తెచ్చింది. బావి నీళ్ళు తోడించి, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తు నుంచి, పాలు చల్లార్చేటప్పుడు తిరగబోసినట్టు, పోస్తూ కూర్చుంది. అలా గాలి పట్టిన నీళ్ళలోకి చేపల్ని గరిటతో ఒక్కొక్కదాన్నీ తెచ్చి వేసింది. నీళ్ళు మారుస్తూ, తిరగబోస్తూ, మధ్యాహ్నమంతా ఆ గిన్నెల దగ్గరే ఉండిపోయింది. నాన్నని తిట్టలేదు. చేతులు నొప్పెట్టి ఆగినప్పుడల్లా చేపల వంక చూసి మళ్ళీ అందుకునేది. ఆ పూట మేం పచ్చడి వేసుకుని చల్దన్నం తిన్నాం.

అయినా ఒక చేప దక్కలేదు. మర్నాడు పొద్దున్న గిన్నెలో వెల్లకిలా తేలి ఉంది. నాన్న దాన్ని చూశారు, నేను చూశాను, మా ఇద్దరి వెనక నిలబడి అమ్మా చూసింది. మడ్డితో పాటు దాన్ని కూడా పెరట్లో మల్లెపాదులో వేసి మట్టి కప్పింది. ఆ మల్లె తరవాత ఎంత విరగపూసిందంటే, మా వీధి ఆడపిల్లలందరి జడల్లోనూ మా ఇంటి పువ్వులే ఉండేవి. నాన్న ఆ రోజంతా శిక్ష కోసం ఎదురుచూస్తున్నట్టు తిరిగారు. తొట్టెని తనే కడిగి, తుడిచి, పెరటి గుమ్మం దాకా జరిపి పెట్టారు, అడగకముందే ఒప్పేసుకున్నట్టు. సాయంత్రం అమ్మ దీపం పెట్టి వచ్చి, ఆ ఖాళీ తొట్టె వంక చూసి, "ఈపాలి అడుగునేటేస్తారు?" అని అడిగింది. అంతే అడిగింది. నాన్న చప్పున తల తిప్పుకుని కండువాతో మొహం తుడుచుకున్నారు. షరతు సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఈసారి అడుగున వేసింది కాలవ గట్టు మట్టి కొద్దిగా, దాని మీద కడిగిన ఇసక. మొక్కలన్నీ కుళ్ళిపోగా ఒక్క రిబ్బను గడ్డి దుబ్బు మాత్రం వేరు పచ్చిగా మిగిలింది. దాన్నే మూల నాటారు. అది పిలక పెట్టి, ఆ పిలక ఇంకో పిలక పెట్టి, మళ్ళీ వేసవికల్లా తొట్టె నిండిపోయింది. అప్పుడు వచ్చిన చిన్నాన్న, ఏపుగా పెరిగి పక్కకి వాలిన ఆ గడ్డిని చూసి, రైతు కళ్ళు ఊరుకోక, పడిపోతుందని చెరుకు దుబ్బులకి చుట్టినట్టే నాలుగైదు దుబ్బులు కలిపి జడ చుట్టేశాడు. చేపలు వాటి మధ్య దారి తెలియక తిరుగుతుంటే అమ్మ పడీ పడీ నవ్వింది, ఆయన వెళ్ళాక జాగ్రత్తగా విప్పేసింది. నా పెళ్ళిలో సారె బుట్టల మధ్య ఒక సీసాలో ఆ గడ్డి కూడా వస్తే, మా అత్తగారు దాన్ని ఏ దేవుడికి పెట్టాలని అడిగారు. ఇప్పుడు మా తొట్టెలో ఉన్నది దాని సంతానమే.

ఇదంతా మా అమ్మాయికి ముక్కలు ముక్కలుగా తెలుసు, కథలా ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం నల్లరాళ్ళు ఏరుకుందామని దాని స్కూటరు వెనక కూర్చుని అదే కాలవకి వెళ్ళాం. దారిలో చెప్పాను. కాలవకి సిమెంటు కట్టారని బస్సులో పోతూ చూశాను గానీ దిగి చూడలేదు. చివరి పొలాలకి నీళ్ళు అందడానికి కట్టారు, మంచి పనే, చిన్నాన్న ఉంటే ఆయనే ముందు సంతోషించేవాడు. కానీ నాన్న పంచె ఎగగట్టి దిగిన చోట గట్టూ లేదు, బురదా లేదు, గడ్డి పోచా లేదు. అడుగున ఖాళీ సీసాలూ, చిప్సు కవర్లూ ఉన్నాయి. నేను పోదాం పద అన్నాను. మా అమ్మాయి చెప్పులు చేత పట్టుకుని, "ఇంకొంచెం ముందుకెళ్ళి సూసొస్తాను" అని, ఎండలో కాలవ వెంట చాలా దూరం వెళ్ళిపోయింది. ఆ గడ్డి కోసం నా కంటే అదే ఎక్కువ వెతికింది. తిరిగి వచ్చినప్పుడు దాని చేతిలో రాళ్ళు కూడా లేవు.

ఇంటికి వచ్చాక పనిలో పడింది. ఉన్న రాళ్ళతోనే కొండలు కట్టింది, నల్లమట్టి పోసింది, పొట్టి గడ్డిని చిన్న పట్టకారుతో ఒక్కొక్క పోచా నాటింది. చూస్తూ చూస్తూండగానే చీడికాడ వచ్చి మా ముందుగదిలో కూర్చుంది. ఆనందంతో నేను వంటింట్లోకీ వరండాలోకీ ఊరికే తిరుగుతున్నాను. అప్పుడు మా అమ్మాయి కుడివైపు కొండని నెమ్మదిగా తీసి పక్కన పెట్టి, బకెట్లో చెయ్యి పెట్టి ఆ గడ్డి దుబ్బు ఎత్తి పట్టుకుని, "ఏ మూల నాటుదాం అమ్మా?" అని అడిగింది. అచ్చం మా అమ్మ గొంతే. నేను కొంగుతో మొహం తుడుచుకుని వేలితో చూపించాను.

ఇవాళ పొద్దున్న చూస్తే ఆ గడ్డికి కొత్త ఆకు వచ్చింది. ఇంకొన్నాళ్ళకి కొండల మీదకి వాలుతుంది. చిన్నాన్న ఉంటే ఈపాటికి జడ చుట్టడానికి తయారయ్యేవాడు. చూసి నవ్వడానికి అమ్మ లేదు, వరస వంకరపోయిందనడానికి నాన్న లేరు. మా ఆయనకి బకెట్లన్నీ తిరిగి ఇచ్చేశాను గానీ ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. మిగిలిన గడ్డంతా అందులో వేసి వరండాలో ఉంచాను. సిమెంటు కట్టిన మేర దాటాక కాలవ మళ్ళీ మట్టి కాలవగానే సాగుతుందట, నీళ్ళు వదిలాక ఈ గడ్డి నాటడానికి నన్ను అక్కడికి తీసుకెళ్తానని మా అమ్మాయి మాటిచ్చింది. ఒకప్పుడు గడ్డి కావాలంటే మేం కాలవకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు గడ్డి కావాలంటే కాలవే మా ఇంటికి రావాలి.