సొరబుర్రలో సముద్రం

ఇవాళ జగదల్‌పూర్ సంతలో ఎండిన సొరబుర్ర కనిపిస్తే చేతిలోకి తీసుకుని నిలబడిపోయాను. రాజుగారి సంస్థానం రోజుల్లో, శబరి ఏటి ఒడ్డున కోంటలో పెరిగిన నా ఈడువాళ్లారా, మన నీళ్ల బుర్రలు గుర్తున్నాయా?

మా అవ్వ అలాంటి బుర్రతోనే నన్ను కాకినాడ తీసుకెళ్లింది. రేవు వీధులన్నీ తిరిగి, సముద్రంలో ఒడ్డు వెంట పడవలో పోతుంటే, మన శబరిలో చేసినట్టే దోసిలి ముంచి, కళ్లకద్దుకుని తాగేసింది. ఉమ్మలేదు. నాకూ తాగించింది.

"ఇదంత ఉప్పేనా?" అని పడవవాణ్ని అడిగింది.

"అంతా ఉప్పేనమ్మా."

అవ్వ నీళ్లకేసి చెయ్యి చూపించింది.

"ఇంతుంటే, మన సంతల షావుకార్లు గంపెడు చింతపండు తీస్కొని గిద్దెడు ఉప్పే ఇస్తరేంది?"

ఆ ఉప్పునీళ్లే బుర్ర నిండా తెచ్చి, వాడలో అందరి చేతుల్లో తీర్థంలా పోసింది. ఆ వారం సంతకు మా వాడ నుంచి ఒక్క చింతపండు గంపా కదల్లేదు.