దుప్పటి ఎత్తి చూసిన మనిషి

పద్దెనిమిదేళ్లు ఆమె రాసిన నివేదికల్లో పై అధికారి తనకు నచ్చని వాక్యాలన్నీ కొట్టేశాడు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. మంచాన పడ్డవాళ్లకు ఇంట్లో సేవ సరిగ్గా అందుతోందో లేదో చూడడం ఆమె పని. అందరూ తనిఖీ అక్క అనేవారు. గుమ్మంలో చెప్పులు విడిచి, స్నానం నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి చూసేది. కాగితాలు తర్వాత, ముందు దుప్పటి ఎత్తి, పుండ్లు పడుతున్నాయేమోనని మడమలు చూసేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఒక ఉదయం ఓ ఇంట్లో, మంచాన పడ్డ పెద్దావిడను సాయంత్రం ఆరింటికి పక్కకు తిప్పినట్టు ఆయా పట్టికలో అప్పుడే రాసి ఉంది. మడమ ఎర్రగా కమిలింది.

"ఆరు అప్పుడే అయిపోయిందా? నాకింకా కాఫీ కూడా పడలేదు!" అంది అక్క.

ఆయా బిక్కచచ్చిపోయింది. "నన్ను పంపే కంపెనీవాళ్లు రోజుకి ఏడిళ్లు ఇచ్చారక్కా. సాయంత్రం ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

"దాని పొట్ట కొట్టావో, ఊరుకోను!" పెద్దావిడ మంచం మీంచే కసిరింది. "నన్ను మనిషిలా చూసేది అదొక్కతే."

అక్క మడమ సంగతీ, ఏడిళ్ల సంగతీ రాసింది. అధికారి రెండోది కొట్టేశాడు. ఆయా ఉద్యోగం పోయింది. ఆ ఒక్కసారి అక్క ఊరుకోలేదు. ఏడిళ్లకూ వెళ్లి జరిగింది చెప్పింది. ఏడిళ్లవాళ్లూ కలిసి కంపెనీని నిలదీస్తే ఆయా తిరిగొచ్చింది, నాలుగిళ్లకే.

ఇప్పుడు అక్క ఉద్యోగంలో లేదు. తనిఖీ ఫోన్లో జరుగుతోంది. ఫోన్లో మడమలు కనబడవు. మీ ఇంటికొచ్చే ఆయాను రోజుకి ఎన్నిళ్లు తిరుగుతోందో ఈరోజే అడగండి. ఆమె జవాబు విన్నాక పక్కింటివాళ్లనూ వెంటబెట్టుకుని, పంపినవాళ్ల దగ్గరికి వెళ్లండి.