చేపల్ని బలిపించిన సమ్మె

ఒక యూనియన్ మునగడానికి కొల్లేరుకు వరదే రానక్కర్లేదు, నాలాంటి కార్యదర్శి ఒకడుంటే చాలు. ఎలా ముంచానో చెబుతాను, నవ్వండి. నవ్వు రాకపోతే ఫర్వాలేదు, నాకూ రాదు.

మాది మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో వలలు లాగే కూలీల యూనియన్. డిగ్రీ చదివానని నన్ను కార్యదర్శిని చేశారు. మొదటి సమ్మె గెలిచాం. వల ఒడ్డుకు చేరి, చేపలు ఎగిరిపడుతూ, లారీలో ఐసు కరుగుతున్న వేళ పని ఆపి గట్టు మీద కూర్చున్నాం. నేను ఉపన్యాసం అందుకున్నానో లేదో, చెరువు యజమాని సూర్యనారాయణగారు కూలి పెంచేశారు. ఆయన్ని లొంగదీసింది ఐసు. నేనేమో నా గొంతనుకున్నాను. బండి కింద నడిచే కుక్క బండిని తానే లాగుతున్నాననుకుంటుందట. నేను ఏకంగా బండెక్కి మొరిగాను.

మరుసటి ఏడు మళ్ళీ సమ్మె అని అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టాను. ఎప్పుడు చేయాలో ఆలోచించలేదు, ఉపన్యాసం సిద్ధంగా ఉంది మరి!

సూర్యనారాయణగారు స్వయంగా వచ్చారు. "ఎండలో కూర్చున్నారేంటండీ? టెంటు వేయించమంటారా?"

వేయించారు. మజ్జిగ కూడా పంపారు.

"చూశారా, హడలిపోయాడు!" అన్నాను మావాళ్ళతో.

చేపలు ఏరే మరియమ్మ మాత్రం, "మరి ఇంట్లో పొయ్యి వెలగట్లేదండీ" అంది.

చివరికి నేనే ఆయన గుమ్మం ఎక్కాను. "ఏవండీ, చర్చలకి పిలవరా?"

"తొందరేముందండీ? ఇప్పుడు చేపకి ధర లేదు. చేపలు పట్టడం ఆపుదామనుకుంటుంటే మీరే ఆపేశారు. ఈలోపు చేప ఇంకాస్త బరువెక్కుద్ది. కానివ్వండి!"

ధర లేచిన రోజే ఎక్కడినుంచో కొత్త జట్టు దిగింది. మావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి అందులో చేరారు, పాత కూలికన్నా తక్కువకు. నేను తల దించుకుంటే మరియమ్మ, "మా కోసమే చేశారు కదండీ" అంది. చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

యూనియన్ గదికి తాళం వేస్తుంటే కొత్త జట్టువాళ్ళు ఇద్దరొచ్చారు. "కార్యదర్శిగారూ, మాక్కూడా యూనియన్ పెట్టండి. మీరు బాగా మాట్లాడతారంటగా!"

చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తాను.

కొల్లేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరి తరఫునా ఉపన్యాసం ఇవ్వను. చేపలే నయమండీ, నోరు తెరిచినా ఎవరి కొంపా ముంచవు.