నాలుగు ట్యూబ్‌లైట్ల పలక

మా మరిది పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. మా ఆయన ఆ పెళ్లిళ్లలో లైటు పట్టేవాడు. అన్నదమ్ములిద్దరూ కొత్తకోటలో పెద్దరోడ్డు మీద ఒక మడిగె కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టుకున్నారు. తొంభైల మొదట్లో సంగతి. ఊళ్లలో పెళ్లికి వీడియో తీయించడం అప్పుడప్పుడే మొదలైంది. వీడియో ఉందంటే హాలోజన్ లైటు ఉండాల్సిందే. ఇనుప డబ్బాలో సన్నటి కడ్డీ లాంటి బల్బు. వెలిగించిన నిమిషానికే డబ్బా పెనంలా కాలేది. దగ్గరగా పెడితే పెళ్లికూతురి ముఖం మీది పౌడరు చెమటకు చారలు కట్టేది. ముసలివాళ్లు కళ్లకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పితే ముంజేతి మీద కమిలిన వెంట్రుకల వాసన వచ్చేది.

"జర దూరం పట్టుకోరాదు" అనేదాన్ని.

"దూరం పట్టుకుంటె మొఖం నల్లగొస్తది. తమ్ముడు తిడుతడు" అని నవ్వేవాడు.

ఆ పెళ్లి బస్సులో గంట దూరం ఉన్న ఒక పల్లెలో. ముందురోజు వాన పడింది. పదకొండింటి ముహూర్తానికి కూడా పందిరి కింద నేల ఆరలేదు. మండపం ముందు చెప్పులు విడవమంటే విడిచాడు. కరెంటును స్తంభం మీది తీగకు కొక్కెం వేసి తెచ్చారు. లైటు వేడికి దాని వెనక వైరు మీది రబ్బరు ఎప్పుడో పగిలిపోయింది. రోజూ పట్టుకునే ఆయనే అది చూసుకోలేదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి లైటు పైకెత్తాడు. బ్యాండు మోగుతోంది కాబట్టి పక్కనున్నవాళ్లు మొదట ఆడుతున్నాడనుకున్నారట. కెమెరాలోంచి చూస్తున్న మరిదికి మాత్రం పెళ్లికూతురి ముఖం మీది వెలుగు ఒక్కసారిగా పక్కకు జారిపోవడం కనిపించిందట. ఎవరో కట్టెతో కొట్టి వైరు విడిపించారు. దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదన్నారు. అప్పుడు నేను ఇంట్లో కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతున్నాను. ఆ జాకెట్టు ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు కానీ, చంకల కింద కుట్టు మిగిలిపోయిందన్నది గుర్తుంది.

వాళ్లు పెళ్లి ఆపలేదు. పందిరిలోనే ఇంకో పక్కకు జరిపి కానిచ్చారు. తొమ్మిదో రోజు పెళ్లికూతురి మేనమామ మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"తప్పుగ అనుకోకమ్మా. పిల్లను ఇచ్చినకాడ క్యాసెట్ అడుగుతున్నరు. ఉన్నంత వరకు ఇస్తె సాలు."

ఆయన వెళ్లాక మరిదిని అడిగాను. "మీ అన్న ఉన్నడా అండ్ల?"

దినం నాడు పెట్టడానికి మా ఆయన ఫోటో కోసం ఇల్లంతా వెతికి, చివరికి మా పెళ్లినాటి మసకబారిన ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయించాం. అందుకే ఆశగా అడిగాను.

"అన్న ఏ క్యాసెట్ల లేడు వదినా. లైటు ఎనుక ఉంటడు గద." క్యాసెట్టు చేతిలోకి తీసుకున్నాడు. "గిండ్లనే ఉన్నడు. కెమెరా కింద పెట్టి ఉరికిన. అది నడుస్తనే ఉంది. అన్న కాళ్లు కనవడ్తయ్."

"తుడిచెయ్."

"నా చేతులతోని కాదు."

ఏ మీట నొక్కాలో చూపించమన్నాను. కెమెరా కంటికి మూత పెట్టి, ఆయన కాళ్లు ఉన్నంత మేరా నల్లటి బొమ్మ ఎక్కించాను. నేను కెమెరా ముట్టుకోవడం అదే మొదటిసారి.

తర్వాత మరిది లైటు వెలిగించలేకపోయాడు. ప్లగ్గు దాకా చెయ్యి తీసుకెళ్లి ఆపేసేవాడు. పెళ్లిళ్ల బేరాలు ఒక్కొక్కటే పోయాయి. కుట్టుమిషను ఒక్కటీ అత్తతో కలిపి ముగ్గురికి అన్నం పెట్టలేదు కాబట్టి నేనూ మడిగెకు పోవడం మొదలుపెట్టాను. హాలోజన్ లైటు ఒక మూల దుప్పటి కింద ఉండేది. ఒకరోజు అన్నాను:

"ఇంట్ల ట్యూబ్‌లైటు కింద దినమంత మిషన్ తొక్కుతున్న. చెమట గూడ పట్టది. ఫోటోకు గదే పెట్టరాదు?"

"ఒక్క ట్యూబ్‌కు మొఖం లేవది వదినా."

"ఒక్కటి సాలకుంటె నాలుగు పెట్టు."

మా పక్క మడిగెలో మోటార్లు చుట్టే ముసలి మిస్త్రీ ఉండేవాడు. ముస్లిం పెద్దమనిషి. మా ఆయన పాడె మోసినవాళ్లలో ఆయన ఒకడు. ఆయన్ని పిలిచాం. చెక్క పలక కొనుక్కొచ్చి తెల్ల రంగు వేశాను. ఆయన ట్యూబులు బిగించే ముందు పలుగు తీసుకుని మడిగె వెనక్కి నడిచాడు.

"ముందుగాల ఎర్తు బిడ్డా. లైటు సంగతి ఎన్కసీరి."

గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, రాగి తీగ పాతిపెట్టాడు. తీగ చివర పట్టుకుని "గిది ఆ దినం ఉండాల్సింది" అని, నా ముఖం చూసి గబగబా మట్టి తొక్కసాగాడు. ట్యూబుల చోకులు బరువు కాబట్టి వాటిని విడిగా ఒక పెట్టెలో పెట్టాడు. వెలిగిస్తే ఆ పెట్టె తుమ్మెదలా మోగేది. మధ్యాహ్నం కరెంటు సన్నబడితే ట్యూబులు కొట్టుకుంటూ ఉండేవి తప్ప వెలిగేవి కావు. అప్పుడు జనాన్ని బల్లమీద కూర్చోబెట్టి ఆగడమే.

మొదటి ఫోటోకు నేనే కూర్చున్నాను. కలర్ రీలు. కడిగించి తెస్తే ముఖమంతా ఆకుపచ్చగా ఉంది. మా అత్త దాన్ని చూసి నోట్లో కొంగు కుక్కుకుంది.

"గిదేందే, పీనుగ లెక్కున్నవ్. పొయ్యిల వెయ్యి దాన్ని."

మహబూబ్‌నగర్‌లో ఫోటోలు కడిగే చోట అడిగితే, ట్యూబు వెలుగులో మన కంటికి తెలియని పచ్చదనం ఉంటుందని, కెమెరా అద్దం మీద గులాబిరంగు ఫిల్టరు బిగిస్తే అది విరుగుతుందని చెప్పారు. అది పెట్టాక ముఖాలు మనుషుల ముఖాల్లా వచ్చాయి.

ఒకసారి ధైర్యం చేసి ఆ పలకను పెళ్లికి తీసుకెళ్లాం. పెళ్లికొడుకు తండ్రి దాన్ని చూసి అందరిముందూ అన్నాడు: "ఏంది, కిరాణ దుకాణం లైటు ఊడదీసుకొచ్చిన్రా? వీడియో అంటె కండ్లు జిగేల్మనాలె." అన్నం కూడా తినకుండా వచ్చేశాం. మరిది నెల రోజులు ఏ బేరమూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒక పొద్దున దుప్పటి తీసి హాలోజన్ లైటు దుమ్ము తుడుస్తూ కనిపించాడు.

"ఇగ ఏం జెయ్యమంటవ్ వదినా? వీడియో తప్ప నాకేం రాదు."

నేను అడ్డం పడలేదు. వైరు మొత్తం మార్పించాను. లైటు పట్టడానికి ఎవరినో కుదుర్చుకున్నాడు. ఆ మనిషి భార్య ఎవరో, పిల్లలెందరో నేను కావాలనే అడగలేదు. అతను పోయే ప్రతి పెళ్లికి ముందు వైరును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్లతో తడిమి చూసి పంపేదాన్ని.

మరిది దగ్గర ఫోటో తీయడం నేర్చుకున్నాక మడిగె నా చేతికి వచ్చింది. ఆడమనిషి ఫోటో తీస్తుందని తెలిసి బురఖా వేసుకునే వాళ్లు పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవాళ్లు. తలుపు వేసి ముసుగు తీసేవాళ్లు. వేడి లేదు కాబట్టి గాలాడని గదిలోనూ కూర్చోగలిగేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకాయన తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట వేరే రాష్ట్రంలో కాలువ పనికి పోయినవాళ్లు. బండలు పేల్చేచోట మందు ముందే అంటుకుని ఆమె ముఖం సగం కాలిపోయింది. నష్టపరిహారం కాగితాలకు ఫోటో కావాలి. అంతకుముందు ఇంకో స్టూడియోకు పోతే అక్కడ పెద్ద లైటు వెయ్యగానే ఆమె అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తిందట.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ట్యూబ్ మీద పెట్టించాను.

"సల్లగనె ఉంది" అంది ఆమె. కూర్చుంది. మంచి ఫోటో వచ్చింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పదిహేను రోజులకు ఆయన ఒక్కడే వచ్చాడు. చేతిలో అదే ఫోటో.

"ఆఫీసుల సారు గిది చూసి, ఏమంత కాలలేదు గద అన్నడమ్మా. కాగితం పక్కకు వడేసిండు."

ఫోటో తీసుకుని వాకిట్లోకి పోయి చూశాను. నిజమే. నాలుగు ట్యూబులు ఎదురుగా వెడల్పుగా వెలుగు పోసి గుంటలు పూడ్చేశాయి. ముడుచుకుపోయిన చర్మం మచ్చలా మాత్రమే కనిపిస్తోంది. నేను కనికరం అనుకున్నది ఆమె కాగితాన్ని చెడగొట్టింది.

ఆమెను మళ్లీ తీసుకురమ్మన్నాను. ఈసారి మూడు ట్యూబులు తీసేసి ఒక్కటే మిగిలిన పలకను ఆమె చెవి పక్కగా నిలబెట్టాను. ప్రతి గుంటలోనూ నీడ పడింది. దవడ కింద అతుక్కుపోయిన చర్మం తాడులా లేచింది.

"ఇటు తిరుగమ్మా. ఇంక జర. ఆ దిక్కు చూపియ్యి" అంటూ ఆమె దాచుకుంటున్న వైపునే కెమెరాకు తిప్పించాను. నా గొంతు నాకే కూలీల మేస్త్రీ గొంతులా వినిపించింది.

ఫోటో ఇచ్చిన రోజు ఆయన కవరు చాటుగా పట్టుకున్నా ఆమె లాక్కుంది. కాలిన నాటి నుంచి ఇంట్లో అద్దం తీసేశారట. చాలాసేపు చూసి నన్ను అడిగింది:

"గిది నేనేనా అక్కా?"

నేను అవునని చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. కొంగు ముందుకు లాక్కుని బయటికి నడిచింది.

ఆ ఎండాకాలం చివర్లో బస్టాండులో ఆయన కనిపించాడు. చుట్టూ మూటలు, బొక్కెన, గిన్నెలు. కాగితం ఒప్పుకున్నారని, పైసలు ఎప్పుడొస్తాయో తెలియదని చెప్పాడు. మళ్లీ కాలువ పనికే పోతున్నారు. ఆమె ఎక్కడని అడిగాను. మూటల అవతల, గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిని చూపించాడు.

"ఆమెను గూడ తీసుకపోతున్నవా?"

"ఊర్లుంటె బయటికెళ్తలేదమ్మా. ఆడ తట్ట మోస్తుంటె మొఖం జూసేటోడెవ్వడు?"

పిలుద్దామని రెండడుగులు వేశాను. ఏమని పిలవాలో తోచలేదు. బస్సు రాగానే ఆయన మూటలు పైకి విసిరాడు. ఆమె ఎవరివైపూ తిరగకుండా వెనక తలుపు నుంచి ఎక్కింది.