మేజర్ కాపలా కాసిన కోళ్ళు

సావీ పెద్దమ్మకి కోళ్ళంటే ప్రాణమని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "పేనమేటి? కోడంటే పని" అనేది చీపురు తిప్పుతూ. నిజమే. నేను చూసినంతలో ఆవిడ బతుకులో సగం ఆ కోళ్ళని ఎవరో ఒకరి నోట్లోంచి తప్పించడంతోనే సరిపోయింది.

మేం క్లెయిర్‌వుడ్‌లో ఆవిడ పెరటి గదుల్లోకి అద్దెకి దిగింది తొంభై ఆరులో. మా ఆయన పాండురంగకి దగ్గర్లోని రిఫైనరీలో ఉద్యోగం, నాకు చాట్స్‌వర్త్ స్కూల్లో లెక్కల టీచరు పని. కాకినాడ నుంచి సముద్రం దాటి ఇంత దూరం వచ్చి, రేకుల ఇంట్లో, చుట్టూ లారీల యార్డుల మధ్య, కోడి కూతకి నిద్రలేవాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మొదటి వారం ఆ పుంజు పీక పిసకాలన్నంత కోపం వచ్చింది. నేను గుడ్డు కూడా ముట్టని దాన్ని కాబట్టి అది బతికిపోయింది.

పెద్దమ్మ వాళ్ళ అవ్వ విశాఖపట్నం వైపు నుంచి కూలీగా ఓడెక్కి ఉమ్‌హ్లాలి చెరుకు తోటల్లోకి వచ్చిన మనిషి. మనవరాలి దాకా వచ్చేసరికి తెలుగు చాలామటుకు ఆవిరైపోయింది. వంట మాటలు, దేవుడి మాటలు, వరసలు మిగిలాయి. తిట్లు మాత్రం ఒక్కటీ పోలేదు. గద్దని ఒక రకంగా, ముంగిసని ఇంకో రకంగా తిట్టేది. గుడ్లెత్తుకుపోయే కోతుల కోసం విడిగా కొన్ని దాచుకుంది, అవి నేనిక్కడ రాయలేను.

గద్దల కోసం పెరడంతా పాత క్యాసెట్ల టేపు అడ్డంగా కట్టేది. గాలికి అది మెరుస్తూ గరగరలాడితే గద్ద కిందికి దిగదు. ముంగిస కోసం గూటి చుట్టూ నేలలో రేకు ముక్కలు దిగ్గొట్టేది. పిల్లల కోడిని మాత్రం వాళ్ళ అవ్వ చేసినట్టే గంప కింద కప్పి, పైన రాయి పెట్టేది. గూట్లో పెట్టొచ్చుగా అని అడిగితే, "గంపలో పిల్లకి అమ్మ ఒళ్ళు వెచ్చ" అంది. కుక్కల దగ్గరే గంప ఓడిపోయేది. యార్డులు మూతపడ్డాక వాటి కాపలా కుక్కలు వీధిన పడ్డాయి. అవి గుంపుగా వచ్చి, రాయితో సహా గంపని పడదోసేవి. ఒకరోజు గుడి నుంచి తిరిగొచ్చేసరికి పెరడంతా ఈకలే. పెద్దమ్మ గట్టు మీద కూలబడి ఒక్క తిట్టూ తిట్టలేదు. అది చూసి నాకు భయం వేసింది.

ఆ రోజు ఈకలన్నీ ఏరి, పెరడు కడిగింది వయొలెట్.

వయొలెట్ గురించి చెప్పాలి. పెద్దమ్మ కంటే కాస్త చిన్నది, ఇక్కడి నల్లజాతి జులూ మనిషి. ఇరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే నల్లవాళ్ళ పేట లామంట్‌విల్ నుంచి వచ్చి, వెనక గేటు తనే తీసుకుని, గూడు ఊడ్చి, కోళ్ళకి గింజలు వేసేది. పుంజుల్ని తీసుకెళ్ళి అక్కడి పెళ్ళిళ్ళకీ పెద్దల పూజలకీ అమ్మిపెట్టేది. పనిమనిషా అంటే కాదు, భాగస్థురాలా అంటే అదీ కాదు. ఇద్దరూ ఫనకలో అనే కూలీల కలగలుపు భాష, ఇంగ్లీషు, తెలుగు తిట్లు కలిపిన ఒక భాషలో పొద్దంతా కీచులాడుకునేవారు. మధ్యాహ్నం పెద్దమ్మ వంటింటి బల్ల దగ్గర తినేది. వయొలెట్ వెనక మెట్టు మీద, తన కోసం విడిగా ఉంచిన ఎనామిల్ పళ్ళెంలో తినేది. ఇద్దరి మధ్యా తలుపు తెరిచే ఉండేది. కీచులాట ఆగేది కాదు.

వాళ్ళిద్దరి కంటే ముందు తినే నోరు ఇంకొకటుంది. అన్నం దించగానే తొలి ముద్ద కుక్కకి వెయ్యాలని అవ్వ నేర్పిన ఆనవాయితీ. పెద్దమ్మకి సొంత కుక్క లేదు. అందుకని పక్క యార్డులో గొలుసుకి కట్టేసి ఉండే అల్సేషియన్‌కి కంచె మీంచి వేసేది. దాని పేరు మేజర్. లారీల యజమాని ఒక తెల్లాయన పెట్టిన పేరు.

ఆ యజమాని కూడా యార్డు అమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మేజర్ కంచె కింద నుంచి దూరి, పెద్దమ్మ వెనక మెట్టు మీద వచ్చి పడుకున్నాడు.

"పంపించెయ్యండి పెద్దమ్మా, ఎంత తింటుందో ఏమో" అన్నాను.

"ఎట్టా పంపేది? తొలి ముద్ద తిన్న నోరు. గెంటితే తప్పు, అమ్మాయ్."

మేజర్ వచ్చాక పెరట్లో ఒక్క ఈక రాలితే ఒట్టు. వీధి కుక్కలు మా గేటు ముందు తోక ముడుచుకుని పోయేవి. కోతులు చెట్టు దిగడం మానేశాయి. కోడిపిల్లలు వాడి పొట్ట మీదెక్కి ఆడుకుంటుంటే వాడు కళ్ళు మూసుకుని ఓర్చుకునేవాడు. నన్ను తొలిసారి చూసినప్పుడే తోక ఊపాడు. కుక్కలకి నేను నచ్చుతానని తెగ మురిసిపోయాను. ఎందుకు ఊపాడో వాడు వచ్చిన మర్నాడు పొద్దున్నే తెలిసింది.

వయొలెట్ ఎప్పటిలాగే వెనక గేటు తీసింది. మేజర్ మొరగను కూడా మొరగలేదు. ఒక్క దూకు దూకి, ఆమెని గేటుకేసి అదిమి, చెయ్యి పట్టుకున్నాడు. పెద్దమ్మ కేకకి వదిలేశాడు కానీ స్వెటర్ చేతి పొడుగునా చిరిగింది, కింద చర్మం గీరుకుపోయింది. తర్వాత మా ఇంటికి వచ్చిన పోస్టుమాన్‌ని, నీళ్ళ మీటరు చూసేవాణ్ణి గమనించాను. భారతీయుడొస్తే తోక ఊపుతాడు, నల్లవాడొస్తే దూకుతాడు. పాత రోజుల్లో యార్డువాళ్ళు అలా నేర్పించి పెట్టారు. దేశమంతా రంగు భేదం లేకుండా లైన్లలో నిలబడి ఓట్లేసి రెండేళ్ళయినా, ఆ సంగతి మేజర్‌కి ఎవరూ చెప్పలేదు.

"ముందు గేటు నుంచి రా వయొలెట్" అంది పెద్దమ్మ, గాయానికి పసుపు అద్దుతూ. "వచ్చి కేకెయ్యి. నాను పట్టుకుంటా. అప్పుడు రా."

వయొలెట్ అలాగే వచ్చింది కొన్నాళ్ళు. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుంటే రోడ్డు మీద నిలబడి "మా! మా!" అని పిలిచేది. పెద్దమ్మ లోపల దీపం పెట్టుకుంటూ ఉండేది. పూజ మధ్యలో లేవకూడదు. వయొలెట్ నిలబడే ఉండేది. నేను స్కూలుకి వెళ్తూ చూసేదాన్ని. ఆమె నా వైపు చూసేది కాదు.

చివరికి పెద్దమ్మకి ఒక ఆలోచన తట్టింది. "ఇయాల తొలి ముద్ద నువ్వెయ్యి. నీ చేతిది తింటే నిన్ను ఎరుగుతాడు" అంటూ ముద్ద కలిపి ఇవ్వబోయింది. వయొలెట్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను మా. వాడు నిన్న వచ్చాడు. నేను వాణ్ణి బతిమాలుకుని లోపలికి రావాలా?"

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కోళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నాయి. పిల్లల్లో ఒక్కటీ పోలేదు. ఇంత సుఖం ఆ పెరటికి ఎన్నడూ లేదు. పెద్దమ్మ మాత్రం గూడు ఊడ్చలేక నడుం పట్టుకునేది. పుంజులు పెరిగిపోయి ఒకదాన్నొకటి పొడుచుకు చస్తున్నాయి, అమ్మిపెట్టే దిక్కు లేదు. అంతకంటే పెద్ద బాధ, తిట్టడానికి ఎదురుగా మనిషి లేదు. మెట్టు వైపు తిరిగి ఏదో అనబోయి, మేజర్‌ని చూసి ఆగిపోయేది. నాకు ఆవిడ మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చేవి. ఓరోజు ఉండబట్టలేక అనేశాను.

"పెద్దమ్మా, కోళ్ళని కాపాడుకున్నారు. మనిషిని పోగొట్టుకున్నారు."

ఆవిడ నన్ను ఒక తిట్టు తిట్టింది. ఆదివారం పొద్దున మాత్రం పిల్లల కోడిని గంపలో పెట్టి గుడ్డ కట్టుకుని, నా కారు పక్కన నిలబడింది. "లామంట్‌విల్ పోదాం. బతిమాలి తెచ్చుకుంటా" అంది.

అక్కడికి పావుగంట దూరం లేదు. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ దారిన వెళ్ళలేదు. వీధి మలుపులో కూర్చున్న ఆడవాళ్ళని వయొలెట్ ఇల్లెక్కడ అని అడిగితే, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరన్నారు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. గంప మీద గుడ్డ తీసి చూపించింది. అప్పుడు వాళ్ళు నవ్వి, "ఓ, కోళ్ళ మాఖుమాలో!" అంటూ ఒక నీలం తలుపు ఇంటి వైపు చెయ్యి చూపారు. వయొలెట్ అసలు పేరు మాఖుమాలో అన్నమాట; పెద్దమ్మ ఆ పేరుని నోట్లోనే రెండు మూడుసార్లు అనుకోవడం నాకు వినపడింది.

గేటు ముట్టుకోగానే లోపల నుంచి ఒక గోధుమరంగు కుక్క ఉరికొచ్చింది. మామూలు ఊరకుక్కే. కానీ ఆ వీధిలో మా లాంటి మొహాలు అది చూసి ఉండదు. పళ్ళు బయటపెట్టి గేటు మీదికి లేచింది. పెద్దమ్మ గంపని గుండెలకి అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది. రోడ్డు మీద అందరూ చూస్తున్నారు. చేసేదిలేక ఆవిడ గొంతెత్తి పిలిచింది.

"వయొలెట్! ఓ వయొలెట్!"

పిలిచి, నిలబడింది. ఆ నిలబడటంలోనే ఆవిడకి అంతా అర్థమైందని నేను చెప్పగలను. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, గంప పట్టుకున్న చేతులతో తుడుచుకోవడం కుదరలేదు.

వయొలెట్ బయటికొచ్చి చూసింది. కుక్కని పట్టుకుని "రండి" అనలేదు. దాన్ని మెడ పట్టి ఇంటి వెనక్కి తీసుకెళ్ళి కట్టేసింది. చేతులు కడుక్కుంది. తర్వాత వచ్చి గేటు బార్లా తీసింది. లోపల ఇంట్లో వాళ్ళమ్మ, చెల్లెలు ఉన్నారు. టీ కాచి, మొదటి కప్పు పెద్దమ్మ చేతిలో పెట్టింది. వాళ్ళమ్మకి ఆ తర్వాతే ఇచ్చింది. కప్పులన్నీ ఒకే రకం, గులాబీ పువ్వులవి.

బతిమాలి తెచ్చుకుంటానని వచ్చిన మనిషి మళ్ళీ రమ్మని అడగనే లేదు. టీ తాగి, గంప అక్కడే వదిలి లేచింది. కారెక్కాక మాత్రం, "నాను దాన్ని పేరే అడగలేదు, అమ్మాయ్" అని ఏడ్చింది.

ఆ వారంలోనే లేడీస్మిత్ నుంచి తన చెల్లెలి కొడుకు డెస్మండ్‌ని పిలిపించి మేజర్‌ని అప్పగించింది. వాడికి అక్కడ కాపలా అక్కర్లేని పెద్ద తోట ఉందట. తొలి ముద్ద తిన్న నోటిని గెంటడమంటే ఆవిడకి చిన్న సంగతి కాదు. అమ్మవారి పటం ముందు లెంపలేసుకుని, వ్యాన్ కనుమరుగయ్యే దాకా రోడ్డు మీదే నిలబడింది. నేను డెస్మండ్‌తో వేరుగా మాట్లాడాను. పనివాళ్ళు వచ్చే వేళల్లో కట్టేసి ఉంచమన్నాను. సరేనన్నాడు.

వీధి కుక్కలకి కబురు ఎవరు చేరవేశారో, మూడో రోజుకే దిగాయి. రెండు పెట్టలు పోయాయి. మేజర్ లేడన్న కబురు లామంట్‌విల్‌కీ చేరినట్టుంది, ఆ మర్నాడు పొద్దున్నే వెనక గేటు కిర్రుమంది.

"హైబో!" అని వయొలెట్ గొంతు. "ఈ రాయి ఏం రాయి మా? పిల్లి కూడా తోసేస్తుంది! నేను లేకపోతే గంప మీద రాయి పెట్టడం కూడా రాదా?"

పెద్దమ్మ ఇంట్లోంచే అందుకుంది. తిట్లు విని నేను హాయిగా టీ కలుపుకున్నాను. ఆ పూట ఇద్దరూ కలిసి గూటి చుట్టూ కొత్త రేకులు పాతారు, గంపని మేకులు దిగ్గొట్టి కట్టారు.

మధ్యాహ్నం నేను అద్దె ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్ళేసరికి పెద్దమ్మ అప్పుడే అన్నం దించింది. అలవాటు చొప్పున తొలి ముద్ద కలిపి చేత్తో పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. మెట్టు మీద మేజర్ లేడు. తర్వాత అల్మారాలోంచి తనది లాంటిదే ఇంకో కంచం తీసి, బల్ల మీద పెట్టి, ఆ ముద్ద అందులో వేసి, "రా, కూర్చో, మాఖుమాలో" అంది. మొహం వెలిగిపోతోంది.

వయొలెట్ లోపలికొచ్చి కంచంలోకి చూసింది. కూర్చోలేదు.

"మా, ఇది కుక్క వాటా కదా?"

పెద్దమ్మ తన ఇంట్లో అన్నిటికంటే ముందుది, అన్నిటికంటే గొప్పది ఇచ్చాననుకుంది. ఇరవై ఏళ్ళు మెట్టు మీద కూర్చుని ఆ ముద్ద ఎవరి నోట్లోకి వెళ్తుందో చూసిన మనిషికి అది ఇంకోలా కనబడుతుందని ఆవిడకి తోచలేదు. నాకూ తోచలేదు. సిగ్గుతో నేను నేల చూశాను.

పెద్దమ్మ ఆ ముద్ద తీసి గిన్నెలో వేసేసింది. తొలి ముద్ద, మలి ముద్ద తేడా తెలియకుండా అన్నమంతా గరిటెతో కలిపేసింది. గిన్నె తెచ్చి బల్ల మధ్య పెట్టి, గరిటె వయొలెట్ వైపు తిప్పింది.

"నువ్వే వడ్డించు."

వయొలెట్ కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు కంచాల్లోనూ వడ్డించింది. ఆ రోజు కుక్కకి ముద్ద వెయ్యలేదు. ఇద్దరూ ఒకేసారి తిన్నారు.